ముందు దారి చూడండి, తర్వాత వైరు కొనండి

పల్నాడులో వేసవి సెలవులంటే పొద్దున పదకొండు దాటాక పిల్లల్ని గడప దాటనిచ్చే పరిస్థితి ఉండదు. రాష్ట్రంలో ఎండలెక్కువున్న ఊళ్ల పేర్లు వార్తల్లో చదివేటప్పుడు రెంటచింతల తప్పకుండా వినపడే రోజులవి. బయటికి పొమ్మనలేం. ఇంట్లో ఉంటే ఏదో ఒక మూలకు చేరి గేమ్ బాక్సులో తల దూర్చేస్తారు. మెడ వంగిపోతుంది, పిలిస్తే పలకరు, అన్నం పళ్లెం చల్లారిపోతుంది. తల్లిదండ్రులు నా దగ్గరికొచ్చి అడిగేది ఒకటే: ‘వీడి చేత ఆ ఆట ఎట్లా మాన్పించాలండీ?’

నా జవాబు వాళ్లకు ముందు రుచించదు. మాన్పించొద్దు, తెర మార్చండి అంటాను. అరచేతిలో ఉన్న బొమ్మను హాల్లో ఉన్న టీవీ మీదికి తెండి. అప్పుడు మెడ నిటారుగా నిలబడుతుంది. వాడేం ఆడుతున్నాడో మీకు కనపడుతుంది. చెల్లెలు వచ్చి ‘నాకూ ఒకసారి ఇవ్వు’ అంటుంది. తాతయ్య పేపరు మడిచి ‘ఎవడ్రా వాడు, గోడలు దూకుతున్నాడు?’ అని అడుగుతాడు. ఆట ఆగదు గానీ ఒంటరితనం పోతుంది. మనకు కావాల్సింది కూడా అదే.

పల్నాటికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఇక్కడి వీరగాథలో ఆటలన్నీ నలుగురి ఎదుటే సాగాయి. నాగమ్మకూ బ్రహ్మనాయుడికీ మధ్య జరిగిన కోడిపోరును రెండు పక్షాలూ కూర్చుని చూశాయి. బాలచంద్రుడు బొంగరాలాడింది తోటివాళ్లతో కలిసి, వీధిలోనే. ఆ బొంగరం ఒకావిడ కాలికి గుచ్చుకుందనీ, ఆమె అన్న మాటే అతణ్ణి యుద్ధానికి నడిపించిందనీ కథ. కారంపూడిలో కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవాల్లో ఇప్పటికీ కోడిపోరుకు ఒక రోజుంది. ఆ ఆటల ఫలితం గొప్పగా ఉందని నేననను. నలుగురిలో ఆడితే మంచికో చెడుకో ఒక మాట పుడుతుంది, మూలన కూర్చుని ఆడితే ఆ మాట కూడా పుట్టదు అని మాత్రం అంటాను.

సరే, తెర మార్చాలంటే వైరు కావాలి. డబ్బులు పోయేదీ, కోపాలొచ్చేదీ ఇక్కడే. నరసరావుపేట మల్లమ్మ సెంటర్ చుట్టుపక్కల ఏ సెల్ షాపులోనైనా గేమ్ బాక్సు చూపించి, ‘దీన్ని టీవీకి పెట్టే వైరుందా అన్నా?’ అని అడిగి చూడండి. ‘ఉంది బాబాయ్, ఇదిగో, అన్నిటికీ పడుద్ది’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. పిన్ను పడుద్ది, అందులో అబద్ధం లేదు. బొమ్మ పడుద్దా అని మీరు అడగలేదు, అతను చెప్పలేదు.

అందుకని వైరు కంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ పెట్టెలోంచి బొమ్మ బయటికి రావటానికి దారి ఉందా? చార్జింగ్ ఎక్కుతుంది కదా, పాటలు వినపడుతున్నాయి కదా అంటే చాలదు. కరెంటు లోపలికి పోయే దారి వేరు, బొమ్మ బయటికొచ్చే దారి వేరు. రెండూ ఒకే రంధ్రంలోంచి జరిగే పెట్టెలున్నాయి, అసలు బొమ్మకు దారే పెట్టని పెట్టెలూ ఉన్నాయి. దారి లేని పెట్టెకు ఎంత ఖరీదైన వైరు తగిలించినా టీవీ మీద ‘నో సిగ్నల్’ అనే పడుతుంది. ఈ ఒక్క ప్రశ్న అలవాటైతే చాలు, ఈ అధ్యాయంలో మిగతాదంతా వివరమే.

మన ఊళ్లలో ఎక్కువగా కనపడే పెట్టెతో మొదలుపెడదాం. ఎరుపు, నీలం, పసుపు రంగుల్లో, అరచేతిలో పట్టేంత ఉండి, పైన ‘సప్’ అనీ, ‘400 ఇన్ 1’ అనీ రాసి ఉంటుంది. మూడంగుళాల తెర. వెనక మూత తీస్తే పాత నోకియా ఫోన్లలో ఉండే బీఎల్-5సీ బ్యాటరీ దర్శనమిస్తుంది. లోపలున్నవి 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్ యంత్రం నాటి ఆటలు. మారియో, కాంట్రా వగైరా. నింటెండో అనుమతితో వచ్చే సరుకు కాదిది, నకలు. ఆ సంగతి తెలిసి కొనండి. ఇందులో మాత్రం బొమ్మ బయటికొచ్చే దారి ఉంది. హెడ్‌ఫోన్ రంధ్రం లాంటి ఒక గుండ్రటి రంధ్రం, డబ్బాలోనే దానికి సరిపడే ఏవీ వైరు. వైరు రెండో చివర పసుపు పిన్ను బొమ్మకు, తెలుపు పిన్ను మాటకు. టీవీ వెనకున్న పసుపు, తెలుపు రంధ్రాల్లో వాటిని గుచ్చి, రిమోట్‌లో సోర్స్ బటన్ నొక్కి ‘ఏవీ’ ఎంచుకుంటే పని అయిపోవాలి.

చాలా ఇళ్లలో అవ్వదు. ఎందుకు అవ్వదో తెలిస్తే సగం విసుగు తగ్గుతుంది కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

మొదటి చిక్కు టీవీ వైపు నుంచి వస్తుంది. పసుపు, తెలుపు, ఎరుపు రంధ్రాలు మూడూ వరసగా ఉండేవి పాత టీవీలు. తర్వాత వచ్చిన పల్చటి టీవీల్లో ఆ మూడింటి బదులు ‘ఏవీ ఇన్’ అని రాసి ఒకే ఒక్క చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది. దానికి జానెడు పొడుగున్న తోక వైరు ఒకటి టీవీ అట్టపెట్టెలో వస్తుంది. ఆ తోక వైరును దాచుకున్న ఇల్లు తక్కువే. టీవీ బిగించిన రోజే థర్మాకోల్‌తో పాటు చెత్తబండిలోకి పోతుంది. బయట ఇంకోటి కొంటే పిన్ను సరిపోతుంది గానీ లోపల తీగలు వేరే వరసలో ఉండొచ్చు. ఆ పిన్నును వెలుతురులో పెట్టి చూస్తే ఇత్తడి రంగు కడ్డీ మీద సన్నటి నల్లగీతలు కనపడతాయి. ఆ గీతలు కడ్డీని ముక్కలుగా విడదీస్తాయి. ఒక్కో ముక్క ఒక్కో పని మీద ఉంటుంది, ఒకటి బొమ్మకు, ఒకటి మాటకు, ఒకటి ఎర్త్‌కు. ఏ ముక్క దేనికన్నది కంపెనీకో రకం. కొత్త వైరు పెట్టినప్పుడు బొమ్మ రాకుండా టీవీలోంచి బుర్రుమని మోత వస్తే, బొమ్మ వెళ్లాల్సిన చోటికి మాట, మాట వెళ్లాల్సిన చోటికి బొమ్మ వెళ్తున్నాయని లెక్క. కంగారు పడొద్దు, ఏదీ కాలిపోదు. పసుపు పిన్ను తీసి తెలుపు రంధ్రంలో, తెలుపు తీసి పసుపులో పెట్టి చూడండి. ఎరుపు పిన్ను కూడా ఉంటే దాన్నీ ఒకసారి పసుపు రంధ్రంలో గుచ్చండి. రంగులు మనుషుల గుర్తు కోసం పూసినవి, లోపలి రాగితీగకు రంగుతో పనిలేదు.

రెండో చిక్కు, బొమ్మ వస్తుంది గానీ నలుపూ తెలుపుగానే వస్తుంది. మన దేశంలో టీవీ రంగుల పద్ధతి పాల్, అమెరికా, జపాన్‌లది ఎన్‌టీఎస్‌సీ. పెట్టె ఒక పద్ధతిలో పంపి, టీవీ ఇంకో పద్ధతిలో ఉంటే రంగు పోయి గీతలు మాత్రం మిగులుతాయి. టీవీ సెట్టింగ్స్‌లో ‘కలర్ సిస్టమ్’ అని ఉంటుంది, దాన్ని ఆటోలో పెట్టండి. అప్పటికీ రంగు రాకపోతే రెండూ మార్చి మార్చి చూడండి. షాపువాడు మోసం చేశాడని తగాదాకు వెళ్లేముందు చేయాల్సిన పని ఇది.

ఇక ఇప్పుడు కొనే కొన్ని టీవీల్లో ఏవీ రంధ్రమే ఉండదు, హెచ్‌డీఎమ్‌ఐ మాత్రమే ఉంటుంది. అప్పుడు మధ్యలో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన కన్వర్టర్ డబ్బా కావాలి. ఇక్కడ చాలా జాగ్రత్త. ఏవీ నుంచి హెచ్‌డీఎమ్‌ఐకి మార్చే డబ్బా ఒకటి, హెచ్‌డీఎమ్‌ఐ నుంచి ఏవీకి మార్చే డబ్బా ఇంకొకటి. రెండూ ఒకే ప్లాస్టిక్, ఒకే సైజు, ఒకే రంధ్రాలు. ఒకటి చేసే పనిని రెండోది చేయదు. డబ్బా మీద ముందు ఏవీ అని, ఆ తర్వాత హెచ్‌డీఎమ్‌ఐ అని ఉన్నదే మీకు కావాల్సింది. దానికి విడిగా కరెంటు కూడా ఇవ్వాలి, టీవీ వెనకున్న యూఎస్‌బీ రంధ్రమో ఫోన్ చార్జరో సరిపోతుంది.

ఈ పాత ఆటలు పెద్ద ఎల్‌ఈడీ టీవీ మీద అంత అందంగా ఉండవని కూడా ముందే చెప్పాలి. మూడంగుళాల తెర మీద ముచ్చటగా కనపడ్డ మారియో నలభై మూడంగుళాల మీద గడులు గడులుగా, బొద్దుగా కనపడతాడు. బొద్దుదనానికి మందుంది. రిమోట్‌లో పిక్చర్ సైజును 4:3కి మార్చండి. అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి, మనిషి మనిషిలా అవుతాడు. గడులకు మాత్రం మందు లేదు. నిజం చెప్పాలంటే ఈ ఆటలకు అసలైన జోడీ మేడ మీద దుమ్ము పట్టిన డబ్బా టీవీయే. ఆ రోజుల్లో ఆటలు చేసినవాళ్లు ఆ గాజు తెరలను చూసుకునే చేశారు. అది ఇంకా పనిచేస్తుంటే పాత సామాన్ల వాడికి వేసే ముందు పిల్లలకు ఒకసారి చూపించండి.

ఏవీ వైర్ల విషయంలో ఇంకొక్క మాట. గుచ్చేటప్పుడు చేతికి జివ్వుమని తగిలిందని చాలామంది చెబుతారు. రెండు పిన్నుల ప్లగ్గుతో, ఎర్త్ లేకుండా నడిచే టీవీలు, సెట్‌టాప్ బాక్సుల లోహపు భాగాల్లో కొద్దిగా లీకేజీ కరెంటు ఉంటుంది. అందుకని ముందు స్విచ్‌బోర్డు దగ్గర అన్నీ ఆపండి, వైర్లన్నీ గుచ్చండి, ఆ తర్వాతే ఆన్ చేయండి. తడి చేతులతో, వట్టి కాళ్లతో ఆ పని పిల్లలకు వదలొద్దు. ఉరుములు మొదలైతే కేబుల్ వైరు కూడా పీకేయండి.

తర్వాతి తరం సోనీ పీఎస్‌పీ. 2004 డిసెంబరులో జపాన్‌లో వచ్చింది. కంపెనీ అమ్మటం మానేసి ఏళ్లయినా సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. మొదటి మోడల్, అంటే పీఎస్‌పీ-1000లో టీవీకి దారి లేదు. 2007లో వచ్చిన 2000 సిరీస్‌లో దారి పెట్టారు గానీ ఒక మెలిక ఉంచారు. సినిమాలూ పాటలూ మామూలు పసుపు పిన్నుతో వస్తాయి, ఆట మాత్రం కాంపొనెంట్ వైరుతోనే వస్తుంది. 2008లో వచ్చిన 3000 సిరీస్‌లో ఆ మెలిక తీసేశారు. కాబట్టి సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు రంగు చూసి మురిసిపోక, వెనకున్న మోడల్ నంబరు చదవండి. కాంపొనెంట్ వైరుకు అయిదు పిన్నులుంటాయి. ఆకుపచ్చ, నీలం, ఎరుపు బొమ్మకు, మళ్లీ ఎరుపు, తెలుపు మాటకు. అవును, ఎరుపులు రెండు. ఆ రెండూ తారుమారైతే బొమ్మ రంగులు పాడై ముఖాలు పచ్చగా, నీలంగా కనపడతాయి. ఏ ఎరుపు పిన్ను తెలుపుతో జంటగా అతుక్కుని వస్తుందో అది మాటది. ఇంతా చేశాక ఆట టీవీ మధ్యలో చిన్న చదరంగా, చుట్టూ నల్లటి అంచుతో వస్తుంది. పాడైందనుకోకండి, పీఎస్‌పీ ఆట వెడల్పు 480 చుక్కలే. దాన్ని సాగదీయకుండా అలాగే పంపుతుంది.

ఇక అమెరికా నుంచి వచ్చే పెట్టె. మన జిల్లాలో డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒకరుండని పెద్ద కుటుంబం అరుదు. సంక్రాంతికి వచ్చేటప్పుడు మేనమామో బాబాయో పిల్లలకు నింటెండో స్విచ్ తెస్తాడు. 2017 మార్చిలో వచ్చిన ఈ పెట్టెను టీవీకి తగిలించటం కోసమే తయారుచేశారు. చేతిలో ఆడుకోవచ్చు, డాక్ అనే స్టాండులో నిలబెడితే అదే ఆట టీవీ మీదికి పోతుంది. తెచ్చేవాళ్లకు ఫోన్ చేసినప్పుడు మాత్రం ఒక్క మాట తప్పకుండా చెప్పండి, ‘స్విచ్ లైట్’ వద్దని. అది చౌక, చిన్నది, ముచ్చటగా ఉంటుంది, దానికి టీవీ దారి లేదు. ఏ డాక్ కొన్నా, ఏ వైరు తెచ్చినా రాదు. కంపెనీయే పెట్టలేదు. ‘లైట్’ అని పేరులోనే ఉన్నా, వచ్చాక విప్పి చూసి నీరుగారిపోయిన ఇళ్లున్నాయి.

మామూలు స్విచ్ వచ్చిందనుకుందాం. ముందు చార్జరును డాక్‌కు పెట్టండి, తర్వాత హెచ్‌డీఎమ్‌ఐ వైరును డాక్ నుంచి టీవీకి, చివర్లో పెట్టెను డాక్‌లో దించండి. ఈ వరస మార్చొద్దు. డాక్ ముందున్న చిన్న దీపం పచ్చగా వెలిగితే బొమ్మ టీవీకి వెళ్తున్నట్టు. వెలగకపోతే మన ఊళ్లలో కారణం ఎక్కువగా ఒకటే, చార్జర్. అమెరికా చార్జరుకు చదునైన పిన్నులుంటాయి, మన గోడ సాకెట్టులో పట్టవు. అది పక్కన పడేసి ఇంట్లో ఉన్న ఫోన్ చార్జరు గుచ్చుతారు. పెట్టె చార్జ్ అవుతూనే ఉంటుంది, టీవీలో బొమ్మ మాత్రం రాదు. స్విచ్ తన చార్జరు నుంచి 15 వోల్టులు, 2.6 ఆంపియర్లు అందితే గానీ టీవీకి బొమ్మ పంపదు, మామూలు ఫోన్ చార్జరు అది ఇవ్వలేదు. ఆ అమెరికా చార్జరు 100 నుంచి 240 వోల్టుల వరకూ తట్టుకుంటుంది, సన్నటి అక్షరాల్లో దాని మీదే రాసి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు, పిన్ను మార్చే చిన్న అడాప్టర్ చాలు. ఇదే మాట అక్కడి నుంచి వచ్చే ప్రతి వస్తువుకూ వర్తిస్తుందనుకోకండి. 120 వోల్టులకే చేసిన వస్తువును మన 230లో పెడితే పొగ వస్తుంది. చదివాకే పెట్టండి.

ఎండ సంగతి వేరే చెప్పాలి. స్విచ్‌ను 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని నింటెండో చెబుతుంది. మే నెలలో గురజాలలోనో మాచర్లలోనో రేకుల గదిలో 35 డిగ్రీలు తెల్లవారుజామున తప్ప ఉండవు. టీవీ వెనక, గోడకూ టీవీకీ మధ్య ఇరుకులో డాక్ దాచిపెడితే చూడటానికి శుభ్రంగా ఉంటుంది గానీ పైనున్న గాలి రంధ్రంలోంచి వేడి పోదు. డాక్‌ను టేబుల్ మీద బయటికి పెట్టండి, ఫ్యాను గాలి తగలనివ్వండి. ఎయిర్ కూలర్ మూతి మాత్రం దానివైపు తిప్పొద్దు. ఆ గాలిలో చల్లదనంతో పాటు తేమ కూడా ఉంటుంది, కరెంటు వస్తువులకు అది పడదు. మధ్యాహ్నం ఎండ ముదిరిన వేళ ఆట ఆపించి సాయంత్రానికి వాయిదా వేస్తే పెట్టెకూ పిల్లవాడికీ ఇద్దరికీ మంచిది.

కాలేజీ కుర్రాళ్ల చేతుల్లో కనపడే అసుస్ రాగ్ ఎల్లై, లెనోవో లీజియన్ గో లాంటివి నిజానికి చిన్న కంప్యూటర్లు. ఎల్లై 2023లో మన దేశంలోకి వచ్చినప్పుడు ధర 69,990 రూపాయలు. ఇంజనీరింగ్ ఫీజు కట్టే ఇంట్లో ఇది అవసరమా అన్నది మీరూ మీ వాడూ తేల్చుకోవాల్సిన విషయం. కొన్నాక మాత్రం టీవీకి పెట్టటం తేలిక. టైప్-సి రంధ్రంలోంచే బొమ్మ వస్తుంది, దానికి హెచ్‌డీఎమ్‌ఐ ఉన్న టైప్-సి హబ్ కావాలి. హబ్‌కు చార్జింగ్ లోపలికి పంపే రంధ్రం కూడా ఉండేలా చూడండి, లేకపోతే ఆట మధ్యలో బ్యాటరీ అయిపోతుంది. మామూలు చార్జింగ్ వైరుతో బొమ్మ రాకపోవచ్చు, చాలా చార్జింగ్ వైర్లలో బొమ్మ నడిచే తీగలే ఉండవు. బొమ్మ టీవీ మీదికి వచ్చినా మాట చేతిలోని పెట్టెలోంచే వస్తుంటే, సౌండ్ సెట్టింగ్స్‌లో టీవీ పేరు ఎంచుకోవాలి. టీవీ 4కే అయినా ఆటను 1080 దగ్గరే ఉంచండి. ఆ చిన్న యంత్రం అంతకంటే ఎక్కువ మోయలేదు, మోయించబోతే ఆట నత్తనడక నడుస్తుంది.

ఫోన్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. టైప్-సి ఉన్నంత మాత్రాన ఫోన్‌లోంచి బొమ్మ రాదు, తక్కువ ధర ఫోన్లలో ఆ దారి మూసే ఉంటుంది. వైరు లేకుండా కాస్ట్ చేసుకోవచ్చు గానీ వేలు కదిపాక టీవీలో మనిషి కదిలేసరికి ఆలస్యమవుతుంది. సినిమాకు పనికొస్తుంది, ఆటకు పనికిరాదు.

ఆలస్యం మాట వచ్చింది కాబట్టి టీవీ చేసే ఆలస్యం గురించి కూడా. బొమ్మను నున్నగా, రంగుగా చూపించటానికి టీవీ లోపల కొంత పని చేసుకుంటుంది. దానికి పట్టే రెప్పపాటు సీరియల్‌లో తెలియదు, ఆటలో తెలుస్తుంది. పిల్లవాడు ‘నేను ముందే నొక్కాను’ అని ఏడిస్తే అబద్ధమాడుతున్నాడని అనకండి, పిక్చర్ మోడ్‌లో ‘గేమ్’ అని ఉందేమో చూసి అది పెట్టండి. బొమ్మ అంచులు తెగిపోయి స్కోరు కనపడకపోతే పిక్చర్ సైజులో ‘స్క్రీన్ ఫిట్’ లేదా ‘జస్ట్ స్కాన్’ లాంటి పేరుతో ఒకటుంటుంది, దాన్ని ఎంచుకోండి.

ఇప్పుడు ఈ అధ్యాయం ఈ పుస్తకంలో ఎందుకుందో చెప్పే చోటికొచ్చాం. బొమ్మ రాలేదు. ఇంట్లో ఏం జరుగుతుంది? నాన్న అన్ని వైర్లూ ఒకేసారి పీకి మళ్లీ గుచ్చుతాడు. అమ్మ రిమోట్‌లో దొరికిన బటన్ నొక్కుతుంది. పిల్లవాడు పెట్టెను ఆపి, పెట్టి, ఆపుతాడు. అయిదు నిమిషాలకు ఎవరేం మార్చారో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత దెబ్బలో, షాపువాడి మీద తిట్లో. సమస్య వైరుది కాదు, వరసది.

పనిచేస్తుందని తెలిసినదాన్ని సాక్షిగా పెట్టుకోండి. మీ ఇంట్లో ఏపీ ఫైబర్‌నెట్ బాక్సో లోకల్ కేబుల్ బాక్సో హెచ్‌డీఎమ్‌ఐతో టీవీకి ఉండే ఉంటుంది, అందులో బొమ్మ రోజూ వస్తూనే ఉంది. అంటే ఆ వైరు మంచిది, టీవీలో ఆ రంధ్రం మంచిది. దాని వైరును బాక్సు వైపు నుంచి మాత్రమే తీసి గేమ్ డాక్‌కు పెట్టండి, టీవీ వైపు ముట్టుకోవద్దు. బొమ్మ వస్తే మీరు కొన్న కొత్త వైరుదో, దాన్ని పెట్టిన రెండో రంధ్రానిదో తప్పు. రాకపోతే టీవీ వైపు తప్పు లేదని తేలిపోయింది, ఇక చార్జరూ, డాకూ, పెట్టే మిగిలాయి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక చూడాలి, చూశాక చెప్పుకోవాలి. మోటారు పనిచేయకపోతే కరెంటు మెకానిక్ చేసేదీ ఇదే. పదేళ్ల పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఈ వరస ఒకసారి చేయించండి. రేపు ఇంటర్‌లో లెక్క తేలనప్పుడు కూడా వాడు పుస్తకం విసిరికొట్టడు, ఏ మెట్టు దగ్గర తప్పిందో వెతుకుతాడు. ఇది ఉపన్యాసాలతో వచ్చే గుణం కాదు, చేత్తో పని చేస్తే వస్తుంది.

అందుకే బిగించే పని పిల్లవాడి చేతికే ఇవ్వండి, మీరు పక్కన నిలబడండి. గోడకు బిగించిన టీవీ వెనక చెయ్యి దూరదు, బూజులో తడుముకుంటూ గుచ్చితే పిన్ను వంకర పోతుంది. ఫోన్ కెమెరా ఆన్ చేసి వెనక్కి పెట్టి, రంధ్రం ఎక్కడుందో తెర మీద చూసుకుంటూ గుచ్చమనండి. మాటిమాటికీ తీసి పెట్టే అవసరం లేకుండా చిన్న హెచ్‌డీఎమ్‌ఐ ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి పక్కకు లాగి ఉంచుకుంటే టీవీ రంధ్రం అరగదు.

హాల్లోకి వచ్చిన ఆటకు హాలు కట్టుబాట్లు ఉంటాయి. నాయనమ్మ సీరియల్ వేళకు రిమోట్ నాయనమ్మది, అందులో బేరం లేదు. రెండో కంట్రోలర్ ఉంటే మంచిది. చవక గేమ్ బాక్సుల్లో కూడా రెండో ప్యాడ్‌తో కలిపి అమ్మే రకం ఉంది, ఒంటి ప్యాడ్ రకం కంటే అదే కొనండి. ఓడినవాడు ప్యాడ్ ఇచ్చేయాలి, అది నాన్న ఓడినా సరే. మగవాళ్లు ఈ నియమం దగ్గరే ఎక్కువ తగాదా పెడతారు.

‘ఆటంటే పందెమే కదండీ, డబ్బులు పోతాయేమో’ అని భయపడే పెద్దవాళ్లు ఉన్నారు, మన ప్రాంతంలో ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. మారియోలో పందెం లేదు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2020లో రాష్ట్రమూ, 2025లో కేంద్రమూ చట్టం తెచ్చి నిషేధించాయి. అలాంటివి దొంగచాటుగా నడిచేది అరచేతిలోని ఫోన్‌లోనే, ఇంటిల్లిపాదీ చూసే టీవీ మీద కాదు. పెద్ద తెర మీద ఆడమనటానికి నాకు కనపడే కారణాల్లో ఇది చిన్నదేం కాదు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. టీవీ వెనకభాగం ఫొటో ఒకటి, గేమ్ బాక్సు మోడల్ నంబరు ఫొటో ఒకటి, దాని చార్జరు మీది సన్న అక్షరాల ఫొటో ఒకటి తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఆ మూడూ లేకుండా వైరు కొనటానికి షాపు మెట్లెక్కకండి.